ఎడమ వైపు పదకొండు మిల్లీమీటర్లు

ఎడమ మలుపు వస్తే చాలు, వెనక సీట్లో ఉన్న చంద్రకాంతమ్మ ముందు సీటును రెండు చేతులా గట్టిగా పట్టుకుని కేక పెట్టేది.

"సూసి పోవే! సంపేస్తావా నన్ను?"

కారు నడుపుతున్న కూతురు పంకజాక్షి వెనక్కి తిరగకుండానే జవాబు చెప్పేది. "ముప్పై మీద పోతాండామా. టీవీఎస్ మోపెడ్డు కూడా మనల్ని దాటుకొని పోయింది. ఇంగెంత మెల్లగా పోవల్ల?"

"మెల్లగా పోయినా ఊగతాండాది. రఘు తోలేటప్పుడు ఇట్ల ఊగేది కాదు ఈ బండి."

"అట్లయితే రఘునే పిలిపించుకో."

చిత్తూరు నుంచి తిరుపతి ఆసుపత్రికి డెబ్బై కిలోమీటర్లు. నెలకొకసారి తల్లి తుంటి ఎముకను డాక్టరుకు చూపించాలి. పూతలపట్టు, పాకాల, చంద్రగిరి దాటి వెళ్ళే దాకా పోట్లాట, తిరిగి వచ్చే దాకా పోట్లాట. ఇది 2004లో సంగతి.

పంకజాక్షికి అప్పటికి నలభై ఏడేళ్ళు. ఇరవై ఏళ్ళ వయసులో చిత్తూరు ఇరిగేషన్ ఆఫీసులో ట్రేసరుగా చేరి, తర్వాత డ్రాఫ్ట్స్‌మన్ అయింది. కాలువలు, తూములు, చెరువు కట్టలు కొలతల ప్రకారం కాగితం మీద గీయడం ఆమె పని. ఆమె గీత అంటే గీతే. ఇంజనీర్లు తెచ్చిన కొలతల్లో తప్పు కనిపిస్తే ఆ కాగితం తీసుకెళ్ళి వాళ్ళ బల్ల మీదే పెట్టి, నలుగురూ వినేట్టు, "సార్, మీరు చెప్పినట్టు గీస్తే ఈ కాలవలో నీళ్ళు ఎగువకు పారతాయి" అనేది. ఆఫీసులో ఆమె పనిని మెచ్చుకోని వాళ్ళు లేరు, ఆమెతో కలిసి టీ తాగినవాళ్ళూ లేరు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "మీరు చేసుకొని ఏం సుఖపడినారో చెప్పండి, వింటా" అనేది. రెండోసారి ఎవరూ అడగలేదు.

ఎవరేమన్నా బదులు చెప్పే ఆ మనిషి దగ్గర ఒక్క మాటకు మాత్రం బదులు లేకపోయింది. అది తల్లి కాలు విరిగిన సంగతి.

2001లో తిరుచానూరు అమ్మవారి పంచమీ తీర్థానికి తల్లిని తీసుకెళ్తానని పంకజాక్షి మాటిచ్చింది. సరిగ్గా ఆ రోజే ఆఫీసులో పెద్ద ఇంజనీరు తనిఖీ పడింది. సెలవు దొరకలేదు. కార్వేటినగరంలో ఉన్న తమ్ముడు రఘునాథ్‌కు ఫోను చేసి, నువ్వు తీసుకుపో అని చెప్పింది. తల్లి అప్పుడు అతని ఇంట్లోనే ఉండేది. మధ్యాహ్నం ఆఫీసుకు ఫోను వచ్చింది. తీర్థం జనంలో అమ్మ కోనేటి మెట్ల మీద జారి పడింది, తుంటి విరిగింది, తిరుపతి ఆసుపత్రిలో ఉన్నాం, రా అని. వెళ్ళేసరికి రఘునాథ్ నుదుటికి ప్లాస్టరు ఉంది. అమ్మను ఎత్తబోయి రాతి స్తంభానికి కొట్టుకున్నానన్నాడు.

ఆసుపత్రి వరండాలో చుట్టాలందరి ముందూ గూడూరు నుంచి వచ్చిన చిన్నమ్మ గురవమ్మ ఆ మాట అనేసింది. "మాటిచ్చిన బిడ్డ చెయ్యి పట్టుకొని పోయింటే మా అక్క పడేదా? ఆఫీసంట ఆఫీసు! మొగోడు, వాడికేం తెలుస్తాది ముసిలామెను మెట్లు దించేది?"

ఆ తర్వాత ప్రతి పెళ్ళిలో, ప్రతి కర్మంతరంలో అదే మాట ఎవరో ఒకరు ఎత్తేవారు. పంకజాక్షి ఆకు ముందు తల వంచుకుని తినేసి లేచి వచ్చేది. రఘునాథ్ భార్య ప్రశాంతి తన వల్ల కాదంటే, పంకజాక్షే తల్లిని చిత్తూరు తెచ్చి పెట్టుకుంది. ఎత్తడం, దించడం, స్నానం చేయించడం, అన్నీ తనే. నేను పోయింటే పడేది కాదు కదా అని రోజుకొకసారైనా అనుకునేది.

ఏడాదిన్నర తర్వాత రఘునాథ్ తన జెన్ కారు తెచ్చి గుమ్మం ముందు ఆపాడు. "నేను పెద్ద బండి తీసుకుంటాండాక్కా. దీన్ని నువ్వే కొనుక్కో. గీత కూడా పడలేదు. అమ్మను ఆసుపత్రికి తీసకపోను పనికొస్తాది."

పంకజాక్షి డ్రైవింగు నేర్చుకుని ఆ కారు కొనుక్కుంది. నేర్చుకున్నది నలభై ఆరో ఏట అయినా బాగానే నడిపేది. కానీ కారు మలుపుల్లో, ముఖ్యంగా ఎడమ మలుపుల్లో, ఒళ్ళు విరుచుకున్నట్టు పక్కకు వాలేది. మూడుసార్లు చక్రాల అలైన్‌మెంట్ చేయించింది. నెల తిరక్కముందే మళ్ళీ మామూలే. తల్లి మాత్రం కారునేమీ అనదు. నీకు తోలడం రాదు అంటుంది.

మూడోసారి అలైన్‌మెంట్ షాపులో కూర్చున్నప్పుడు అక్కడ పడి ఉన్న కార్ల పత్రికలో ఒక బొమ్మ కనిపించింది. ఇంజను మూత ఎత్తితే రెండు పక్కలా రెండు ఇనప గుబ్బలుంటాయి. ముందు చక్రాల షాకబ్జార్బర్ల పై కొసలు వాటికే బిగించి ఉంటాయి. మలుపులో బరువంతా ఒక పక్కకు పడినప్పుడు ఆ గుబ్బలు వెంట్రుకవాసి కదులుతాయి. ఆ రెంటినీ కలుపుతూ అడ్డంగా ఒక రాడ్డు బిగిస్తే కదలవు, బండి గీత గీసినట్టు తిరుగుతుందని రాశారు. పంకజాక్షికి రెండోసారి చదవాల్సిన పని పడలేదు. లోతుగా కాలవ తవ్వేటప్పుడు రెండు వైపుల గోడలూ లోపలికి కూలకుండా అడ్డదూలాలు పెడతారు. అవి ఆమె ఎన్నోసార్లు గీసింది.

చెన్నైకి ఉత్తరం రాసి జెన్ కారుకు సరిపోయే రాడ్డు లారీ పార్సిల్లో తెప్పించుకుంది. ఒక శనివారం మధ్యాహ్నం దాన్ని తీసుకుని మురకంబట్టులో ఉన్న మునిశేఖర్ షెడ్డుకు వెళ్ళింది. మునిశేఖర్ మంచి మెకానిక్కే. కానీ ఆడవాళ్ళు కారు తెస్తే వాళ్ళతో కాకుండా వాళ్ళ పక్కన ఎవరైనా మగవాడు ఉన్నాడేమోనని చూసి మాట్లాడే రకం.

"సార్ రాలేదా మేడమ్?"

"ఏ సారు?"

అతను గొంతు సవరించుకుని రాడ్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇవన్నీ రేసులు తోలే పిల్లోళ్ళకు మేడమ్. ఇంటికీ ఆఫీసుకీ పొయ్యే బండికి ఎందుకు? ఊరికే బరువు."

"బిగించేది నీ పని. ఎందుకనేది నా పని."

ఆ మాటతో వాళ్ళిద్దరికీ పడలేదు. మునిశేఖర్ ముక్కు ఎగబీలుస్తూ ఇంజను మూత ఎత్తాడు. కుడి గుబ్బ మీది నట్లు విప్పి రాడ్డు కొస కూర్చోబెట్టాడు. బాగానే కూర్చుంది. ఎడమ కొస మాత్రం కూర్చోలేదు. బోల్టు ఒక చోట, రాడ్డుకున్న రంధ్రం ఇంకో చోట. లాగాడు, నెట్టాడు, చక్రాలు నేల విడిచేట్టు జాకీ ఎత్తి మళ్ళీ ప్రయత్నించాడు. చివరికి రాడ్డు తీసి నేల మీద పడేశాడు. ఆ మోతకు పక్క షెడ్డువాళ్ళు తొంగి చూశారు.

"చెప్తే యినరు. డూప్లికేటు సరుకు. కొలత తప్పు. ఇడిసిపెట్టిపోండి, రంధ్రాన్ని ఆకురాయితో సాగదీసి ఎట్లనో ఎక్కిస్తా."

"దాని మీద ఆకురాయి పెట్టినావంటే మర్యాదగా ఉండదు."

పంకజాక్షి చేతిసంచీలోంచి ఉక్కు టేపు తీసింది. ఆ టేపు లేకుండా ఆమె పెళ్ళికి కూడా వెళ్ళదు. రాడ్డుతో పాటు వచ్చిన కాగితం మీది కొలతతో రాడ్డును సరిచూసింది. సరిగ్గా ఉంది. తర్వాత కారు మీదికి వంగింది. రెండు గుబ్బల మధ్య దూరం కొలిచింది. ఉండాల్సిన దానికంటే పదకొండు మిల్లీమీటర్లు తక్కువ.

"టేపు ఆ కొస పట్టుకో" అంది మునిశేఖర్‌తో.

ఇంటికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీ మూలమట్టం చూడటానికి ఎదురెదురు మూలలకు తాడు పట్టి చూస్తాడు. రెండు తాళ్ళూ ఒకటే పొడవుంటే ఇల్లు సరిగ్గా ఉన్నట్టు. ఆమె అదే చేసింది. కుడి గుబ్బ నుంచి ఎడమ హెడ్‌లైటు బోల్టుకు, ఎడమ గుబ్బ నుంచి కుడి హెడ్‌లైటు బోల్టుకు. రెండూ కలవలేదు. మళ్ళీ కొలిచింది. మునిశేఖర్‌ను కొలవమంది. అతనికీ అంతే వచ్చింది.

అతని ముఖంలో ఎగతాళి పోయింది. స్క్రూడ్రైవరు కొసతో ఎడమ గుబ్బ మొదట్లో రంగు గీకాడు. రంగు కింద తెల్లగా లప్పం రాలింది. లప్పం కింద వెల్డింగు అతుకు, పక్కన సుత్తి దెబ్బలు.

"రాడ్డుది తప్పు కాదు మేడమ్. బండి గట్టిగా గుద్దుకొని ఉండాది. ఎడమ పక్క లోపలికి పొయ్యింది. పైకి బాగా కనపడేట్టు చేసినారు, లోపల సరిగ్గా లాగలేదు. ఎంత అలైన్‌మెంట్ చేసినా నిలబడదు."

"గీత కూడా పడలేదన్నాడు మా తమ్ముడు."

మునిశేఖర్ అతుకు మీద వేలు పెట్టి రాస్తూ, "ఈ చెయ్యి నాకు తెలుసు. పుత్తూరు మునిరామయ్యది. ఆయప్ప తావనే నేను పని నేర్చుకున్నింది" అన్నాడు.

ఇంటికి రాగానే రఘునాథ్‌కు ఫోను చేసింది.

"బండి ఎప్పుడన్నా యాడన్నా గుద్దినావా?"

"లేదే! ఎవరు చెప్పినారు?"

"బండే చెప్పింది."

"మెకానిక్కులు పని కోసం సవాలక్ష చెప్తారక్కా. వాళ్ళ మాటలు నమ్మబాకు" అని ఫోను పెట్టేశాడు.

మరుసటి రోజు ఆదివారం. పంకజాక్షి ఒక్కతే పుత్తూరు వెళ్ళింది. మునిరామయ్యకు అరవై దాటాయి. విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడినుంచో జనం పుత్తూరు వస్తారు. ఈయన విరిగిన కార్లకు కట్టు కట్టేవాడు. కారు గేటులోకి రాగానే గుర్తుపట్టాడు. ముందు వైపుకు వచ్చి బానెట్టు మీద చెయ్యి వేశాడు.

"మన పనే. కార్వేటినగరం రఘునాథ్ గారి బండి కదా. మీరేమవతారమ్మా?"

"అక్కను."

"అట్లనా! పెద్దమ్మకు ఇప్పుడు కాలు ఎట్లుండాదమ్మా? నడస్తాందా?"

పంకజాక్షికి అర్థం కాలేదు. "ఏ పెద్దమ్మ?"

"మీయమ్మ గారే. ఆ పొద్దు ముందు సీట్లో ఉన్నింది ఆయమ్మే కదా. మోకాళ్ళు పోయి డాష్‌బోర్డుకు కొట్టుకొని అది రెండు ముక్కలై పొయ్యింది. నేనే వేరేది తెచ్చి పెట్టినా. మోకాలు కొట్టుకుంటే తుంటి దగ్గర ఇరగతాదంట, రఘునాథ్ గారే చెప్పినారు. పంచమీ తీర్థం మర్నాడు వడమాలపేట నుంచి బండిని లారీకి కట్టి లాక్కొచ్చినాము. కల్వర్టు గోడకు కొట్టినారు. బాగా లాగి సరిచెయ్యల్ల, టైము పడతాది అని చెప్పినా. వద్దు, పైకి కనపడకుండా బిరీన చేసియ్యి అన్నారు." ఆయన ఆమె ముఖం చూసి ఆగాడు. "మీకు తెలీదా తల్లీ?"

ఆమె కారెక్కింది. చిత్తూరు దాకా ఎలా నడిపిందో ఆమెకే తెలియదు. గంగాధర నెల్లూరు దగ్గర ఒకసారి రోడ్డు పక్కన ఆపి, ముందు ఎడమ సీటును, దాని ఎదురుగా ఉన్న డాష్‌బోర్డును చాలాసేపు చూస్తూ కూర్చుంది. మిగిలిన కారంతా ఎండకు వెలిసింది. డాష్‌బోర్డు మాత్రం కొత్తగా నల్లగా ఉంది. ఏడాదిగా కళ్ళ ముందే ఉంది.

ఇంట్లో చంద్రకాంతమ్మ మంచం మీద కూర్చుని ఒళ్ళో చేట పెట్టుకుని కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది.

"పంచమీ తీర్థం నాడు నువ్వు ఎన్నో మెట్టు మీద పడినావుమా?"

"ఇప్పుడెందుకే అది?"

"పైనుంచి ఎన్నోది?"

"నాకేం తెలుసు. జనం. ఎవురో తోసినారు, పడినా."

"పుత్తూరు మునిరామయ్య అడిగినాడు. పెద్దమ్మ కాలు ఎట్లుండాదని."

చేటలో చెయ్యి ఆగిపోయింది. చంద్రకాంతమ్మ తల ఎత్తలేదు, ఏడవలేదు. "తెలిసిపొయ్యిందా" అంది.

"నువ్వు చెప్పు. నీ నోటితో వినల్ల."

"ఏముండాది చెప్పేది? నేను దర్శనం క్యూలో ఉన్న సందున వాడు యాడికో పోయి తాగొచ్చినాడు. వద్దురా, బస్సులో పోదాం అన్నా. యినలేదు. వడమాలపేట తావ కల్వర్టుకు కొట్టినాడు. అమ్మవారి తీర్థం నాడు తాగి తల్లి కాలు ఇరగ్గొట్టినాడని ఊర్లో తెలిస్తే వాడు మొగం యాడ పెట్టుకుంటాడు? ప్రశాంతి కాపరం చేస్తాదా? మెట్ల మీద పడినానని చెప్పమా అని కాళ్ళు పట్టుకున్నాడు. చెప్పినా."

"రెండున్నరేండ్లు నా మొగం యాడ పెట్టుకున్నాననుకున్నావు?"

"నీకేమే? ఒంటి మనిషివి. ఎవురేమన్నా తుడుచుకొని పోతావు. వాడు అట్ల కాదు, తట్టుకోలేడు."

"గురవమ్మ చిన్నమ్మ నన్ను అన్ని మాటలంటాంటే పక్క గదిలో మంచం మీదే కదా ఉన్నావు. ఇన్నావు కదా?"

"ఇన్నా."

అంతే అంది. ఎప్పుడూ మాటకు మాట తెచ్చుకునే పంకజాక్షి ఆ సాయంత్రం ఒక్క కేక కూడా వేయలేదు. తల్లికి అన్నం పెట్టింది, మందు ఇచ్చింది, పడుకోబెట్టింది. మనసులో మాత్రం జాలి అనేది చుక్క లేదు. తుంటి విరిగింది రఘునాథ్ వల్ల. తల్లి దాచింది రఘునాథ్ కోసం. ఎత్తీ దించీ నడుం పోగొట్టుకున్నది తను. పైగా తల్లి తుంటి విరగ్గొట్టిన ఆ కారే తన చేతికి అంటగట్టి, నెలనెలా ఆమెను అందులోనే కూర్చోబెట్టి తీసుకెళ్ళమన్నాడు. మలుపుల్లో తల్లి ఎందుకు అరిచేదో ఇప్పుడు తెలిసింది. తెలిసినా కోపం తగ్గలేదు. భయం కారంటే అయితే, నన్నెందుకు తిట్టింది?

సోమవారం నుంచి నాలుగు సాయంత్రాలు ఆమె ఇంట్లో బల్ల ముందు కూర్చుని ఒక బొమ్మ గీసింది. ట్రేసింగు కాగితం మీద కారు ముందు భాగం, పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా. ఉండాల్సిన తీరు చుక్కల గీతతో, ఉన్న తీరు నిండు గీతతో. అన్ని కొలతలూ వేసింది. ముందు ఎడమ సీటు గీసింది. డాష్‌బోర్డు దగ్గర ఒక బాణం గుర్తు వేసి, తన అచ్చు లాంటి అక్షరాలతో, "చంద్రకాంతమ్మ కాలు విరిగిన చోటు. వడమాలపేట కల్వర్టు, పంచమీ తీర్థం, 2001. బండి నడిపినది: రఘునాథ్" అని రాసింది. గాంధీ రోడ్డులో అంగడిలో దానికి ప్రింట్లు తీయించింది.

ఆదివారం పొద్దున తల్లి చీరలు, మందులు, నాలుగు కాళ్ళ ఊతకర్ర కారులో పెట్టింది.

"యాడికే?"

"నీ కొడుకింటికి."

చంద్రకాంతమ్మ రానంది, గుమ్మం పట్టుకుంది, ఇరుగుపొరుగు వినేట్టు తిట్టింది. పంకజాక్షి ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడిపించి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. కారు కార్వేటినగరం దారి పట్టింది.

పాత కోట దాటగానే రఘునాథ్ మిద్దె. కారు చప్పుడుకు ప్రశాంతి బయటికి వచ్చింది. సామాను దింపడం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"చెప్పకుండా చెయ్యకుండా ఇట్ల తీసుకొచ్చేస్తే ఎట్ల వదినా? ఈడ మెట్లుండాయి, ఆయమ్మ ఎక్కలేదు."

"మీ ఆయన ఉండాడు కదా. ఎత్తుకుంటాడు."

రఘునాథ్ బనీను మీదే బయటికి వచ్చాడు. అక్క ముఖం చూడగానే అతనికి సంగతి తెలిసింది. గొంతు తగ్గించి, "అక్కా, అది ఎప్పటి కథనో. ఇప్పుడు ఎత్తి ఏం చేస్తావు? లోపలికి రా, మాట్లాడుకుందాం" అన్నాడు.

"మాట్లాడేది ఏమీ లేదు." ఆమె మడిచిన ప్రింటు తీసి అతని చేతిలో పెట్టింది. "ఇది నువ్వు చేసిన పని. స్కేలు ఒకటికి అయిదు."

అతను విప్పి చూశాడు. ముందు బొమ్మ అర్థం కాలేదు, తర్వాత అక్షరాలు అర్థమయ్యాయి. ముఖం ఎర్రబడింది. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి వాకిట్లోకి విసిరాడు. "ఇంటి మొగోడి పరువు బజారుకీడుస్తావా? నువ్వు అక్కవేనా?"

"చించుకో. ట్రేసింగు నా తావ ఉండాది. ఎన్ని ప్రింట్లయినా వస్తాయి."

"పంకజా!" అంది తల్లి, అరుగు మీద కూలబడి.

పంకజాక్షి తల్లి వైపు తిరగలేదు. తమ్ముడితోనే మాట్లాడింది. "తాగినావు, ఒక తప్పు. అబద్ధం చెప్పినావు, అది రెండో తప్పు. వంకర బండి నాకంటగట్టినావు, అది మూడోది. కానీ ఆమెను మళ్ళా దాంట్లోనే ఎక్కించి నా చేత తోలించినావే, దానికి ఏం పేరు పెట్టల్లో నాకు తెలీలా. మందుల చీటీ సంచిలో ఉండాది. పొద్దున అన్నానికి ముందు తెల్లది, తర్వాత పసుపుది."

కారెక్కి వచ్చేసింది.

మిగిలిన ప్రింట్లు తనను పెళ్ళిళ్ళలో మాటలన్న చుట్టాలందరికీ పోస్టులో పంపింది. వారం తిరగకముందే ఇంటి ఫోను మోగడం మొదలైంది. వాళ్ళెవరికీ రఘునాథ్ మీద కోపం రాలేదు. అందరికీ ఆమె మీదే వచ్చింది. ఇంటి గుట్టు రోడ్డుకెక్కించింది, తమ్ముడి కాపరం కూల్చాలని చూస్తాంది, మొగుడూ పిల్లలూ లేని దానికి కుళ్ళు అన్నారు. మేనమామ రామచంద్ర, "మా గుమ్మం తొక్కబాకు" అన్నాడు. "తొక్కిందెప్పుడు, నువ్వు పిలిస్తేనే కదా" అని పెట్టేసింది. గూడూరు నుంచి గురవమ్మ మాత్రం కార్డు రాయించింది. అందులో రెండే వాక్యాలున్నాయి. నువ్వు చేసింది తప్పు. నేనన్న మాట కూడా తప్పే.

పంకజాక్షి ఆ కార్డు చదివి, మడిచి, బీరువాలో పెట్టింది. బదులు రాయలేదు.

ఆ నెలలోనే కారును వేలూరు తీసుకెళ్ళింది. అక్కడ ఒక షెడ్డులో బండిని నేలకు బిగించి, గొలుసులు కట్టి, అంగుళం అంగుళంగా లాగి సరిచేస్తారు. మూడు రోజులు సెలవు పెట్టి పక్కనే నిలబడింది. వాళ్ళు అయిపోయిందన్న ప్రతిసారీ టేపు పట్టి, ఇంకా రెండున్నర మిల్లీమీటర్లుంది, ఇంకా ఒకటుంది అని చెప్పింది. ఆ మేస్త్రీ ఆఖరి రోజు ఆమెతో తమిళంలో ఏదో అన్నాడు. అది మెచ్చుకోలు మాత్రం కాదని ఆమెకు తెలుసు. రెండు కర్ణాలూ కలిసేదాకా కదల్లేదు.

తిరిగి మురకంబట్టు వచ్చి మునిశేఖర్ ముందు కారు ఆపి, డిక్కీలోంచి రాడ్డు తీసింది. అతను ఇంజను మూత ఎత్తాడు. కుడి కొస పెట్టాడు. ఎడమ కొస వదిలేశాడు. సుత్తి లేదు, నెట్టుడు లేదు, బోల్టులు రంధ్రాల్లోంచి వాటంతటవే పైకి వచ్చి నిలబడ్డాయి. నట్లు బిగించి చేతులు తుడుచుకున్నాడు.

"ఒక రౌండు ఏసి రాండి మేడమ్."

పూతలపట్టు దాకా వెళ్ళి వచ్చింది. ఎడమ మలుపులో స్టీరింగు ఎంత తిప్పితే బండి అంతే తిరిగింది, వాలలేదు. ఆమె మొదటిసారి అరవై మీద నడిపింది. షెడ్డుకు తిరిగి వచ్చాక మునిశేఖర్ ఎట్లుందని అడిగితే, "ఇప్పుడు కారు మాదిరి ఉండాది" అంది. అతను నవ్వబోయి, ఆమె నవ్వకపోవడం చూసి మానుకున్నాడు.

చంద్రకాంతమ్మ కొడుకింట్లో యాభై రోజులుంది. యాభై ఒకటో రోజు మధ్యాహ్నం గేటు ముందు బాడుగ కారు ఆగింది. డ్రైవరు ముసలామెను దింపి, సంచీ, ఊతకర్ర పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. రఘునాథ్ రాలేదు. ఆమె బాగా చిక్కిపోయింది. పంకజాక్షి వాకిట్లోకి వచ్చి గేటుకు ఇవతలే నిలబడింది.

"ఆడ నాకు కుదరలేదు" అంది తల్లి.

"ఏం కుదరలేదు?"

"మల్లా తాగతాండాడు. ఆ పిల్ల నన్నే తిడతాది, నువ్వు దాచినందుకే ఇట్లయినాడని." కొంచెం ఆగి, "గేటు తియ్యి. కాలు నొస్తాంది" అంది.

"తీస్తా. ఒకటే మాట. ఇంగ ఈ ఇంటికి ఎవరొచ్చి అడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్పల్ల. మెట్లు అన్నావంటే మల్లా కార్వేటినగరమే."

తల్లి కూతురి కళ్ళలోకి చూసింది. అది బెదిరింపు కాదని ఆమెకు తెలుసు. తల ఊపలేదు, కాదని కూడా అనలేదు. పంకజాక్షి గేటు తీసింది. తల్లి గదిలో పెట్టుకున్న డ్రాయింగు బల్లను హాల్లోకి లాగి, మంచం మళ్ళీ వేసి, దుప్పటి పరిచింది. రెక్క పట్టి కూర్చోబెట్టింది.

సాయంత్రం పక్కింటి శకుంతలమ్మ ములగాకు తీసుకుని పలకరించడానికి వచ్చింది. ఆమెకు డెబ్బై ఏళ్ళు, చెవుడు. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కొడుకింటి నుంచి వచ్చేసినావా అక్కా? మంచిపనయింది. కాలు పాపం ఇంగా బాగయినట్టు లేదే. ఆ తిరుచానూరు మెట్లు అట్లాంటివి. మా ఆడబిడ్డ కూడా ఆడనే పడింది."

వంటింట్లో చారు మరుగుతోంది. పంకజాక్షి గరిటె ఆపింది. గదిలో మంచం కిర్రుమంది.

"మెట్లు కాదు" అంది చంద్రకాంతమ్మ. "కారు. మా రఘు తాగి గుద్దినాడు." తర్వాత వంటింటి వైపు తిరిగి గొంతు పెంచింది. "ఇన్నావా? సాలునా నీకు?"

"నాకు వినపడింది" అంది పంకజాక్షి పొయ్యి తగ్గిస్తూ. "ఇంగొంచెం గట్టిగా చెప్పు. ఆయమ్మకు వినపడలా."